కొట్టుకి కంప్యూటర్ మనిషి కావాలా? సర్టిఫికెట్ కన్నా ముందు ఒక పూట పని చూడండి

మన ఒడిశా వైపు బరంపురంలో కొట్టు నడిపేవాళ్లకీ, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మిల్లులో గోడౌన్లో ఉన్నవాళ్లకీ నా సలహా మొదటే చెప్పేస్తాను. కంప్యూటర్ పనికి మనిషిని పెట్టుకునేటప్పుడు సర్టిఫికెట్ ఆఖర్న చూడండి. ముందు ఒక పూటకి కూలి ఇచ్చి, మీ కొట్టులోని పనే మీ కళ్ల ముందు చేయించండి. తర్వాత మాట్లాడండి. ఆ తర్వాతే కాగితాలు.

నేను ఈ చుట్టుపక్కల వ్యాపారాలకి బిల్లింగ్ కంప్యూటర్లు బిగించి, అవి పాడైతే చూసే పనిలో ఉన్నాను. ఎక్కడికి వెళ్లినా, పని అయ్యాక యజమాని అడిగే మాట ఒకటే. "బాబూ, మాకో మంచి కుర్రాణ్ణి చూసిపెట్టు." ఎలాంటి కుర్రాడు కావాలండీ అంటే మాత్రం తడుముకుంటారు. బీటెక్ అయితే మంచిది కదా అంటారు. మా బావమరిది కొడుకు ఖాళీగా ఉన్నాడు, వాడైతే ఎలా ఉంటుంది అంటారు. విశాఖపట్నంలో ఏదో కంపెనీ ఏడాదికి ఇంతని అడుగుతోంది, అది మేలా అంటారు. ఈ మూడింటిలో ఏది మంచిదో తేలాలంటే అసలు చేయించుకోవాల్సిన పని ఏమిటో ముందు తెలియాలి. చాలామంది ఆ మెట్టు ఎక్కకుండానే మనిషిని వెతుకుతున్నారు.

మన దగ్గర కంప్యూటర్ పని అంటే ఏమిటి

హైదరాబాద్‌లోని కొట్టుకీ మన సరిహద్దు కొట్టుకీ తేడా ఉంది. మన సరుకు రోజూ రాష్ట్రం దాటుతుంది. బరంపురంలోనే ఉన్న షాపుకి అమ్మితే బిల్లులో కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ అని పన్ను రెండుగా పడాలి. అదే సరుకు ఆటోలోనో లారీలోనో ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, సోంపేట, పలాస పంపితే ఐజీఎస్టీ ఒక్కటే పడాలి. కొన్నవాడి జీఎస్టీ నంబరులో మొదటి రెండంకెలు 21 అయితే ఒడిశా, 37 అయితే ఆంధ్రప్రదేశ్. ఇది చూడకుండా బిల్లు కొడితే పన్ను తప్పు ఖాతాలోకి వెళ్తుంది. అప్పుడు సరైన పన్ను మళ్లీ కట్టాలి, తప్పుగా కట్టినదాన్ని వాపసు ఇమ్మని అర్జీ పెట్టుకోవాలి. వడ్డీ పడదు గానీ డబ్బు ఇరుక్కుపోతుంది. చిన్న వ్యాపారికి అదే పెద్ద దెబ్బ.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటి రాష్ట్రం దాటుతుంటే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం, ఉండాలి. మామూలు సరుకుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పున దాని గడువు. దారిలో బండి చెడి సరుకు వేరే బండిలోకి మారితే అందులో బండి నంబరు మార్చాలి. నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు అమ్మకాల వివరం మరుసటి నెల 11లోపు, పన్ను లెక్క 20లోపు ఇవ్వాలి. ఇవి కాక సరుకు నిల్వ, అప్పు ఖాతాలు, ప్రింటరు, యూపీఐ లెక్క, బ్యాకప్.

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. 12 శాతం, 28 శాతం శ్లాబుల్లో ఉన్న చాలా వస్తువులు 5కో 18కో మారాయి. ముందు రోజు రాత్రే కూర్చుని రేట్లు సరిచేసుకున్న కొట్లలో మర్నాడు పొద్దున్న బిల్లింగ్ మామూలుగా నడిచింది. కొన్నిచోట్ల పాత రేటుతోనే బిల్లులు పోయి, కొన్నవాళ్లతో గొడవలయ్యాయి. ఆ రాత్రి పని చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ వస్తువు ఏ రేటులో ఉందో జాబితా తీయడం, మార్చే ముందు ఒక కాపీ దాచుకోవడం, మార్చాక రెండు మూడు బిల్లులు కొట్టి చూసుకోవడం, ఇంతే. ఇది ఎవరికి తోస్తుందో వాళ్లే మీకు కావాల్సిన మనిషి.

ఒక తెల్లకాగితం మీద మీ కొట్టులో కంప్యూటర్ ముందు జరిగే పనులన్నీ రాయండి. రోజూ జరిగేవి, నెలకోసారి జరిగేవి, ఏడాదికోసారి జరిగేవి. ఆ కాగితం చేతిలో ఉంటే కింద చెప్పే మనుషుల్లో ఎవరు సరిపోతారో సగం తేలిపోతుంది.

మన ముందున్న మనుషులు

బీటెక్ చదివినవాళ్లు. మన ప్రాంతంలో వీళ్లకి కొదవ లేదు. బరంపురం దగ్గర పరలా మహారాజా ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 2009 నుంచి ఉంది, గుణుపురంలో జీఐఈటీ 1997 నుంచి ఉంది, పర్లాకిమిడిలో సెంచూరియన్ యూనివర్సిటీ ఉంది. ఏటా చాలామంది బయటికొస్తారు. వీళ్లలో మంచి తెలివిగలవాళ్లు ఉన్నారు. కానీ కాలేజీలో జావా, డేటా స్ట్రక్చర్లు చదువుతారు గానీ ఈ-వే బిల్లు చెప్పరు. పైగా వాళ్ల మనసు విశాఖ మీదో, బెంగళూరు మీదో ఉంటుంది. అది తప్పు కాదు, ఆ వయసులో ఉండాల్సిందే. ఆఫర్ లెటర్ వచ్చేదాకా మీ దగ్గర చేస్తామంటే, ఆ మాట ముందే చెప్పించుకుని, ఆరు నెలల పనికి పెట్టుకోండి. ఉదాహరణకి, పాత కాగితాల లెక్కలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక పద్ధతి పెట్టడం. అలాంటి పని వాళ్లు బాగా చేస్తారు. రోజువారీ బిల్లింగ్ కౌంటరుకి పెట్టుకుంటే వాళ్లకీ విసుగు, మీకూ ఏడాది తిరక్కుండా ఖాళీ కుర్చీ.

ఐటీఐ, డిప్లొమా వాళ్లు. నా అనుభవంలో చాలా కొట్లకి, మిల్లులకి సరిపోయేది వీళ్లే, అయినా తక్కువమంది అడిగేది వీళ్లనే. ఐటీఐలో కోపా అనే కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడ్ ఏడాది చదువు. డిప్లొమా మూడేళ్లు. బరంపురం ప్రభుత్వ ఐటీఐకి రాష్ట్రంలో మంచి పేరుంది. అక్కడి పిల్లలు తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలు చూస్తే చేతికి పని నేర్పడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్ నుంచి డిప్లొమా వాళ్లు వస్తారు. వీళ్లకి స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నామోషీ కాదు. కేబుల్ ఊడితే టేబుల్ కిందకి దూరి చూస్తారు. లెక్కల వైపు కొంచెం నేర్పుకోవాల్సి ఉంటుంది. టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్లు దొరికితే వదలకండి.

చదువు మధ్యలో ఆపి మొబైల్ షాపులోనో, నెట్ సెంటరులోనో పని నేర్చినవాళ్లు. కాగితం మీద వీళ్ల దగ్గర ఏమీ ఉండదు. మనుషులతో మాట్లాడటం వచ్చు, పది రకాల సమస్యలు చూసి ఉంటారు, సాయంత్రం రద్దీలో కంగారు పడరు. ఒక బట్టల కొట్టులో పదో తరగతితో చదువు ఆపేసిన అమ్మాయి బిల్లింగ్ నుంచి నిల్వల లెక్క దాకా అంతా నడిపిస్తోంది. ఆడిటరే ఆమెని అడిగి తెలుసుకుంటాడు. వీళ్లలో కొందరికి ఒక చెడ్డ అలవాటు ఉంటుంది. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ ఎక్కించేసి పని అయిపోయిందంటారు. దాంతో వైరస్ వచ్చి మొత్తం లెక్కలు పోయిన సందర్భాలున్నాయి. ఆ ఒక్క విషయం ముందే మాట్లాడుకోండి. మిగతాదంతా వాళ్ల చేతిపనిలోనే కనిపిస్తుంది.

చుట్టాలబ్బాయి. నమ్మకం ఉంటుంది కదా అంటారు. గల్లాపెట్టె దగ్గర నమ్మకం ముఖ్యమే, కాదనను. అయితే తప్పు చేస్తే మందలించగలరా అని మిమ్మల్ని మీరు అడగండి. పండక్కి ఇంటికొచ్చే పిన్నిగారి ముందు వాళ్ల అబ్బాయిని తీసేశానని చెప్పగలరా? చెప్పలేమనుకుంటే మొదటే పెట్టుకోకండి. చెప్పగలమనుకుంటే, బయటివాళ్లకి పెట్టే పరీక్షే వాడికీ పెట్టండి. వాడు నిలబడితే సంతోషమే, నమ్మకమూ పనీ రెండూ దక్కాయి.

బయటి కంపెనీతో ఏడాది కాంట్రాక్టు. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో చేస్తారు. కంప్యూటరుకి దూరంగా కూర్చునే చాలావరకు సరిచేయగలరు, అది నిజం. పది కంప్యూటర్లున్న మిల్లుకి ఇది మేలే. కానీ ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా, ఇన్వర్టరు ఆగిపోయినా ఫోనులో పరిష్కారం కాదు. రైల్లో బరంపురం నుంచి విశాఖ నాలుగైదు గంటల దారి, అక్కడి మనిషి మధ్యాహ్నం బయల్దేరితే మీ కొట్టు మూసేవేళకి వస్తాడు. కాంట్రాక్టు కాగితంలో ఎన్ని గంటల్లో మనిషి వస్తాడు, ఏడాదికి ఎన్నిసార్లు వస్తాడు అన్నది రాసి ఉందో లేదో చూడండి. రాసి లేకపోతే రాయించండి. కంపెనీని పెట్టుకున్నా కూడా మీ దగ్గర ఒక మనిషికి ఓనమాలైనా తెలిసి ఉండాలి.

సర్టిఫికెట్, మాటల ఇంటర్వ్యూ, చేతిపని: ఏది ఎంత చెబుతుంది

ఇది నా ఒక్కడి అభిప్రాయం అనుకోకండి. ఉద్యోగాలకి మనుషుల్ని ఎంచే పద్ధతుల మీద 85 ఏళ్ల పరిశోధనలన్నీ పోగుచేసి ష్మిట్, హంటర్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు 1998లో ఒక పెద్ద వ్యాసం రాశారు. ఒక పద్ధతి మనిషి తర్వాత ఎలా పని చేస్తాడో ఎంత బాగా చెబుతుందన్నదానికి సున్నా నుంచి ఒకటి దాకా కొలత. అసలు పనిలో ముక్క చేయించి చూడటానికి 0.54 వచ్చింది. ఎన్నేళ్లు చదివాడన్నదానికి 0.10 మాత్రమే. 2022లో సాకెట్ అనే ఆయనా ఆయన సహచరులూ ఆ లెక్కలు మళ్లీ చూసి చాలా అంకెలు తగ్గించారు. వాళ్ల లెక్కలో అందరినీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో అడిగే ఇంటర్వ్యూ 0.42తో పైన నిలిచింది. పనికి సంబంధించిన జ్ఞానం పరీక్షించడం 0.40, పని చేయించి చూడటం 0.33. తోచింది అడిగే ఇంటర్వ్యూ మాత్రం 0.19.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. ఏ పద్ధతీ పూర్తిగా చెప్పలేదు. కానీ కుర్చీ వేసి "మీ నాన్నగారు ఏం చేస్తారు, ఏ ఊరు మీది" అని కబుర్లాడి నిర్ణయించడం కన్నా, అందరికీ ఒకే ప్రశ్నలు పెట్టి, అందరి చేతా ఒకే పని చేయించడం చాలా మెరుగు. బజారులో మనం కందిపప్పు కొనేటప్పుడు బస్తా మీద అచ్చేసిన పేరు చూసి ఊరుకోం, గుప్పెడు తీసి నోట్లో వేసుకుని చూస్తాం. మనిషి విషయంలో ఎందుకో బస్తా మీది అక్షరాలే చదివి వచ్చేస్తున్నాం.

ఇప్పుడింకో సంగతి. 2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక ఇంగ్లిషు బాగా రానివాడి బయోడేటా కూడా దొరబాబులా ఉంటుంది. ఆ కాగితం నుంచి ఇక మీకు తెలిసేది ఏమీ లేదు. ఎవరైనా పనిలో దాన్ని వాడితే నాకేం అభ్యంతరం లేదు, నేనూ వాడతాను. అది ఇచ్చిన జవాబులో తప్పెక్కడుందో పట్టుకోగలరా అన్నదే చూడాలి.

ఒక పూట పరీక్ష ఎలా పెట్టాలి

దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే ఇది సరిగా పెడితే మిగతాదంతా తేలిక.

కూలి ముందే చెప్పండి, సాయంత్రం చేతిలో పెట్టండి. వచ్చినవాళ్లు నలుగురైతే నలుగురికీ ఇవ్వండి. పరీక్ష పేరుతో ఉచితంగా పని చేయించుకోవడం అన్యాయం. మంచివాళ్లు రెండోసారి మీ గడప తొక్కరు కూడా. అసలు లెక్కల మీద చేయించకండి. టాలీలో విడిగా ఒక ఉత్తుత్తి కంపెనీ తెరిచి, అందులో చేయించండి. అందరికీ అవే పనులు, అదే సమయం.

మొదటి పని, రెండు బిల్లులు. ఒకటి బరంపురంలోని షాపుకి, ఒకటి లారీలో ఇచ్ఛాపురం పంపే సరుకుకి. రెండో బిల్లు విలువ 50,000 దాటేలా చూడండి. ఏ పన్ను పడాలో మీరు చెప్పకండి. కొన్నవాడి జీఎస్టీ నంబరు ఉన్న కాగితం మాత్రం ఇవ్వండి. తెలిసినవాడు 37 చూడగానే ఐజీఎస్టీ వేసి, ఈ-వే బిల్లు కావాలి కదండీ అంటాడు. తెలియనివాడు "రెండింటికీ ఒకటే పన్నా అండీ?" అని అడిగితే వాడికి మార్కులు సగమైనా వేయండి, నేర్పుకోవచ్చు. అడగకుండా రెండూ ఒకేలా కొట్టేసి అయిపోయిందన్నవాడితోనే నాకు భయం.

రెండో పని, ఆగిపోయిన ప్రింటరు. వెనక కేబుల్ కొంచెం వదులు చేసి ఉంచండి. బిల్లు రావట్లేదు చూడు అని చెప్పండి. కొందరు వెంటనే సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించడం మొదలుపెడతారు. కొందరు ముందు కరెంటు చూస్తారు, తర్వాత కేబుల్, తర్వాత కాగితం, ఆ తర్వాతే కంప్యూటర్‌లోకి వెళ్తారు. తేలిగ్గా చూడగలిగేది ముందు చూడటమే మనం రోజూ మాట్లాడుకునే ఇంగితం. దానికి ఏ కాలేజీలోనూ పేపరు లేదు. ఉన్నదీ లేనిదీ ఈ పది నిమిషాల్లో బయటపడుతుంది.

మూడోది, రేటు మార్చడం. యాభై వస్తువుల జాబితా ఇచ్చి, వాటిలో పదిహేనింటికి పన్ను శాతం మార్చమనండి. మీరు చూడాల్సింది వేగం కాదు. మార్చే ముందు బ్యాకప్ తీశాడా? మార్చాక ఒక బిల్లు కొట్టి చూశాడా? ఈ రెండూ చెప్పకుండానే చేసినవాణ్ణి నేనైతే ఇంకేమీ అడక్కుండా తీసుకుంటాను.

బ్యాకప్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం మన ఊళ్లే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాని ముంచింది. గోడౌన్లలోకి నీళ్లొచ్చినచోట కంప్యూటరూ, దాని పక్కనే సొరుగులో పెట్టిన పెన్‌డ్రైవూ రెండూ తడిశాయి. అందుకే మూడు కాపీలు, రెండు రకాల వాటిలో, ఒకటి వేరే చోట అని అంటారు. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంటి దగ్గరో ఇంటర్నెట్‌లోనో ఒకటి. అక్టోబరు వచ్చిందంటే మన తీరంలో ఇది వాయిదా వేసే పని కాదు. వచ్చిన కుర్రాణ్ణి "బ్యాకప్ ఎక్కడ పెడతావు" అని అడగండి. "ఇక్కడే" అంటే, "తుఫాను వస్తే?" అని అడగండి. వాడి జవాబు వినండి.

నాలుగోది ఫోను. మధ్యలో మీ వాళ్లెవరి చేతైనా వాడికి ఫోను చేయించండి, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, షాపు ఖాతాకి ఓటీపీ వచ్చింది చెప్పమని. పరీక్ష అయ్యాక అది పరీక్షేనని తప్పకుండా చెప్పండి. ఎంత పని వచ్చినా, అంకె చెప్పేస్తే ఆ రోజు గల్లా ఖాళీ. తడబడ్డవాళ్లకి కోపగించకుండా ఎందుకు చెప్పకూడదో వివరించండి. చెప్పాక గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆఖరుది నాకు చాలా ఇష్టమైనది. ఇవాళ చేసిందంతా మీ పాత గుమస్తాకి అర్థమయ్యేలా చెప్పమనండి. ముప్పై ఏళ్లుగా ఎర్ర ఖాతా పుస్తకం రాసిన పెద్దాయనకి విసుక్కోకుండా, చిన్నచూపు చూడకుండా చెప్పగలిగితే ఆ మనిషి మీ కొట్టులో నిలుస్తాడు. పెద్దాయన రెండో ప్రశ్న వేసినప్పుడు వాడి మొహం చూడండి.

భాష సంగతి, మనవాడి సంగతి

బరంపురం కౌంటరులో ఒకే గంటలో తెలుగు, ఒడియా, హిందీ మూడూ వినిపిస్తాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యే దాకా ఇదంతా మద్రాసు వైపే. అందుకే ఇళ్లలో తెలుగు, బళ్లో ఒడియా అన్న కుటుంబాలు ఇన్ని ఉన్నాయి. మన పిల్లల్లో చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు గానీ చదవలేరు. ఒడియా చదువుతారు. కాబట్టి తెలుగువాడే కావాలి అని పట్టుబట్టే ముందు, మీ పనికి ఏ భాషలో ఏం కావాలో చూడండి. నోటీసు ఒడియాలో వస్తే చదవాలా? పలాస జీడిపప్పు వ్యాపారితో ఫోనులో తెలుగులో మాట్లాడాలా? అది పనికి కావాల్సిన నేర్పు, అంతవరకే. పని బాగా వచ్చి తెలుగు మాట్లాడే ఒడియా అబ్బాయిని ఇంటిపేరు చూసి వెనక్కి పంపడం మీకే నష్టం. కులం చూసి పంపడం అంతకన్నా తప్పు, ఆ మాట దాపరికం లేకుండా చెబుతాను.

ఆడపిల్లల విషయం కూడా. "రాత్రి తొమ్మిది దాకా ఉండదు కదా" అంటారు. మీ బిల్లింగ్‌లో ఎంత భాగం రాత్రి ఏడు తర్వాత జరుగుతోందో టాలీలో చూడండి. సీజన్ రోజులు తీసేస్తే చాలా కొట్లలో అది కొంచెమే. రిటర్నులు, నిల్వలు, బ్యాంకు లెక్కలు పగటి పనులే. పరీక్షలో అందరికన్నా బాగా చేసిన అమ్మాయిని గంటల కోసం వదులుకోకండి, గంటలు సర్దండి.

ఎవరికి ఏది

ఒక కౌంటరు, ఒక కంప్యూటరు ఉన్న కొట్టుకి మొబైల్ షాపులోనో నెట్ సెంటరులోనో పని నేర్చినవాళ్లు గానీ, కోపా చదివినవాళ్లు గానీ సరిపోతారు. వాళ్ల చేతికి టాలీ రాకపోతే రెండు మూడు నెలల కోర్సు ఫీజు మీరే కట్టండి. ఫీజు కట్టాక పారిపోతే ఎలా అని టెన్షన్ పడకండి. నేర్పకుండా ఉంచుకుంటే అయ్యే నష్టం దానికన్నా ఎక్కువ.

రెండు రాష్ట్రాలకీ సరుకు పంపే హోల్‌సేల్ వాళ్లకి మాత్రం జీఎస్టీ తెలిసిన మనిషే కావాలి. కామర్స్ డిగ్రీతో పాటు టాలీ వచ్చినవాళ్లని వెతకండి. కంప్యూటర్ డిగ్రీ ఇక్కడ రెండో మాట. మెషీన్ల సంగతి బయట కాంట్రాక్టుకి ఇవ్వొచ్చు.

మిల్లులు, ఫ్యాక్టరీలకి నేను గట్టిగా చెప్పేది అప్రెంటిస్‌ల గురించి. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది. 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థ తప్పనిసరిగా అప్రెంటిస్‌లని తీసుకోవాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్నవాళ్లు ఇష్టమైతే తీసుకోవచ్చు. 2019 నిబంధనల ప్రకారం కనీస స్టైపెండ్ ఐటీఐ వాళ్లకి నెలకి 7,000, డిప్లొమా వాళ్లకి 8,000, డిగ్రీ వాళ్లకి 9,000గా పెట్టారు. కేంద్రం అప్రెంటిస్‌షిప్ పథకం కింద స్టైపెండ్‌లో 25 శాతం, నెలకి 1,500 మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. తీసుకునే రోజున పోర్టల్‌లో అప్పటి రేట్లు ఒకసారి చూసుకోండి. ఏడాది పాటు మీ కళ్ల ముందు పని చేసే మనిషికి మించిన పరీక్ష ఏముంటుంది? సునాబెడాలో హెచ్‌ఏఎల్ లాంటి పెద్ద సంస్థలు ఏళ్ల తరబడి ఇలాగే ఐటీఐ పిల్లల్ని తీసుకుని నేర్పిస్తున్నాయి. మన మిల్లు ఎందుకు తీసుకోకూడదు?

సొంత యాప్ కావాలనుకునేవాళ్లు ఎక్కువమంది లేరు, అందుకే క్లుప్తంగా. చాలామందికి నిజానికి యాప్ అక్కర్లేదు, ఉన్న టాలీని సరిగా వాడుకుంటే చాలు. తప్పదంటే, ప్రోగ్రామర్‌ని ఎంచడానికి కూడా పని చేయించి చూడండి. ఒకటి నుంచి వంద దాకా అంకెలు రాస్తూ మూడు గుణిజాల దగ్గర ఒక మాట, అయిదు గుణిజాల దగ్గర ఇంకో మాట, రెండింటి గుణిజమైతే రెండు మాటలూ వచ్చేలా రాయమనే చిన్న పరీక్ష ప్రపంచమంతా పెడతారు. దాన్ని ఫోను చూసి రాసినా ఫరవాలేదు. తర్వాత "మూడు బదులు ఏడు పెట్టు, వంద నుంచి వెనక్కి రా" అనండి. అర్థమై రాసినవాడు ఒక నిమిషంలో మార్చేస్తాడు.

చేరాక

కొత్త మనిషిని ఠాకురాణి యాత్రకి ముందు వారంలో కౌంటరు మీద కూర్చోబెట్టకండి. రెండేళ్లకోసారి వచ్చే ఆ రోజుల్లో ఊరంతా బజారులోనే ఉంటుంది, నేర్చుకునే సందు ఉండదు. దసరా, దీపావళికి కూడా అంతే. వర్షాకాలం మొదట్లో, వ్యాపారం నెమ్మదిగా ఉన్నప్పుడు చేర్చుకుంటే రెండు నెలల్లో అలవాటు పడతారు. మొదటి నెల జీతం తక్కువ చెప్పి తర్వాత చూద్దాం అనకండి. మూడు నెలల తర్వాత ఎంత పెంచుతారో ఏ పని వస్తే పెంచుతారో మొదటి రోజే చెప్పండి. పని వచ్చినవాళ్లకి విశాఖ బస్సు ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది, నిలుపుకోవాల్సింది మీరే.

ఇంకొక్క పని, మొదటి రోజే చేయాల్సింది. జీఎస్టీ పోర్టల్‌లో, బ్యాంకులో, టాలీ లైసెన్సులో నమోదైన ఫోన్ నంబరు, మెయిల్ యజమానివే ఉండాలి. పనివాడి నంబరు పెట్టకండి. వాడికి విడిగా ఒక లాగిన్ ఇవ్వండి, బిల్లు తీసేసే అధికారం అందులో లేకుండా చూడండి. ఒక వ్యాపారి దగ్గర పాత మనిషి మానేశాక ఆరు వారాలు రిటర్న్ వేయలేకపోయారు, ఓటీపీలన్నీ అతని ఫోనుకే పోతున్నాయి, అతనేమో సూరత్‌లో ఉన్నాడు. ఆలస్య రుసుము రోజుకి 50 రూపాయల చొప్పున పెరుగుతూ పోయింది. ఆ నంబర్లు ఎవరివో ఇవాళ సాయంత్రమే ఒకసారి తెరిచి చూడండి.